ట్రీహౌస్ ఆఫ్ హారర్‌లోని పేరడీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ట్రీహౌస్ ఆఫ్ హారర్ అంటే ఏమిటి?

అమెరికాలోని ఫాక్స్ చానల్‌లో 1989 డిసెంబరు 17న మొదలై నేటికీ సాగుతున్న ‘ది సింప్సన్స్’ అనే యానిమేషన్ హాస్య ధారావాహికలో, హాలోవీన్ పండుగను పురస్కరించుకుని ఏటా వచ్చే ప్రత్యేక ఎపిసోడ్‌కు ఈ పేరు. మొదటిది రెండో సీజన్‌లో, 1990 అక్టోబరు 25న ప్రసారమైంది. 2024 నాటికి ఇవి 35 అయ్యాయి. ఒక్కో ఎపిసోడ్‌లో సాధారణంగా ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు చిన్న కథలు ఉంటాయి. వాటిలో చాలావరకు ఏదో ఒక సినిమాకో, టీవీ కథకో, కథానికకో పేరడీలు. స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో అణు విద్యుత్ కేంద్రంలో పనిచేసే హోమర్, అతని భార్య మార్జ్, పిల్లలు బార్ట్, లీసా, మ్యాగీ మామూలు వారాల్లో ఇంటి గొడవలతో, బడి గొడవలతో సతమతమవుతుంటారు. ఈ ఒక్క వారం మాత్రం వాళ్లే దెయ్యాలుగా, పిశాచాలుగా, గ్రహాంతరవాసుల విందుకు అతిథులుగా మారిపోతారు.

పేరు తొలి ఎపిసోడ్ నుంచే వచ్చింది. అందులో పిల్లలు ముగ్గురూ పెరటి చెట్టు మీద కట్టుకున్న చెక్కగదిలో కూర్చుని భయం కథలు చెప్పుకుంటుంటే, హోమర్ బయట పొంచి ఉండి వింటాడు. కథలన్నీ అయ్యాక పిల్లలు హాయిగా నిద్రపోతారు. కునుకు పట్టనిది తండ్రికే. ఆ చెక్కగది తరువాతి ఏడాదే కథల చుట్టూ చట్రంగా పనికిరాకుండా పోయింది, పేరు మాత్రం ఉండిపోయింది.

హాలోవీన్ గురించి తెలియనివారికి ఒక్క మాటలో చెప్పగలరా?

అక్టోబరు 31 రాత్రి పిల్లలు దెయ్యాల వేషాలూ, ఇతర వేషాలూ వేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు పోగుచేసుకునే పండుగ అది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పిల్లలున్న ఇళ్లకు ఇది కొత్త కాదు. దసరా, దీపావళుల హడావిడిలోనే దీనికీ వేషాలు కొనవలసి వస్తుంది.

మూడు కథల పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది?

1950లలో అమెరికాలో ఈసీ కామిక్స్ అనే సంస్థ ప్రచురించిన భయానక బొమ్మల కథల పుస్తకాల నుంచి. ఒక్కో సంచికలో కొన్ని చిన్న కథలు, ప్రతి కథ చివర ఒళ్లు జలదరించే కొసమెరుపు, తప్పు చేసినవాడికి అతి క్రూరమైన శిక్ష ఉండేవి. దానికి తోడు 1959 నుంచి 1964 వరకు నడిచిన ‘ది ట్విలైట్ జోన్’ అనే టీవీ ధారావాహిక కూడా వారం వారం కొత్త పాత్రలతో, కొత్త కథతో, చివర ఒక మెలికతో సాగేది. సింప్సన్స్ తొలి రచయితలు వీటిని చూస్తూ పెరిగినవారు. ఇరవై రెండు నిమిషాల ఎపిసోడ్‌ను మూడుగా పంచితే ఒక్కో కథకు దాదాపు ఏడు నిమిషాలే దక్కుతాయి. అంత తక్కువ సమయంలో కథ చెప్పాలంటే ప్రేక్షకుడికి ఎక్కడో విన్నట్టు అనిపించే కథనే ఎత్తుకోవడం సులువు. ఈ ఎపిసోడ్లకు పేరడీ అంతగా అతికిపోవడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

పేరడీ అంటే మూలాన్ని ఎగతాళి చేయడమే కదా?

కాదు. జలసూత్రం రుక్మిణీనాథ శాస్త్రి తన కాలపు కవుల మీద రాసిన పేరడీలు చదివినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ కవుల నడక, పలుకుబడి ఆయనకు ఎంత బాగా పట్టుబడ్డాయో చూసి ముందు ఆశ్చర్యపోతాము, ఆ తరువాతే నవ్వుతాము. ఇక్కడా అంతే. సింప్సన్స్ రచయితలు మూలకథ ఎముకల గూడును దాదాపు కదపరు. అందులోని నాయకుణ్ని తీసేసి ఆ చోట హోమర్‌నో బార్ట్‌నో నిలబెడతారు. ఆపైన కథను చెడగొట్టే పని రచయితలు చేయరు, ఆ పాత్ర స్వభావమే చేసి పెడుతుంది.

1992లో వచ్చిన ‘కింగ్ హోమర్’ చూడండి. 1933 నాటి కింగ్ కాంగ్ సినిమాకు పేరడీ కాబట్టి దీన్నీ నలుపు తెలుపుల్లోనే గీశారు. మూలంలో ఆ మహా వానరం ఎంపైర్ స్టేట్ భవనం కొనదాకా ఎక్కి, విమానాల తూటాలు తగిలి కూలిపోతుంది. హోమర్ ముఖం పెట్టుకున్న వానరానికి అంత ఓపిక ఎక్కడిది? నాలుగు బారలు ఎక్కేసరికి ఆయాసంతో చెమటలు కక్కి తనంతట తానే వెనక్కి పడిపోతుంది. విమానాలు అక్కరలేకుండానే కథ ముగుస్తుంది, పైగా చివర మార్జ్‌తో పెళ్లి కూడా జరుగుతుంది. మూలంలో విషాదం ఎక్కడుందో సరిగ్గా అక్కడే ఇక్కడ బద్ధకం ఉంది. అన్నిటికంటే తెలివైన పేరడీ ఇలాంటిదే.

గ్రహాంతరవాసుల వంటల పుస్తకం సన్నివేశం గురించి అందరూ ఎందుకు మాట్లాడుకుంటారు?

అది మొదటి ఎపిసోడ్‌లోని రెండో కథ. మూలం 1962లో ట్విలైట్ జోన్‌లో వచ్చిన ఒక కథ. దానికి ఆధారం డేమన్ నైట్ 1950లో రాసిన కథానిక. అందులో భూమికి వచ్చిన గ్రహాంతరవాసులు మనుషులకు సకల సౌఖ్యాలూ కల్పిస్తారు. వారి దగ్గరున్న పుస్తకం పేరును చదివి, మానవ జాతికి సేవ చేయడమే వారి ఆశయమని అందరూ నమ్ముతారు. అది నిజానికి వంటల పుస్తకమని చివర తెలుస్తుంది. ఇంగ్లీషులో సేవ చేయడానికీ, వడ్డించడానికీ ఒకే క్రియ కావడం మీద నడిచిన శ్లేష అది. చిత్రమేమిటంటే తెలుగులో దీనికి సరిజోడు సిద్ధంగా ఉంది: దేవుణ్ని సేవించినా, మందు సేవించినా మనకు క్రియ ఒక్కటే.

ఆ కొసమెరుపు అమెరికాలో అందరికీ తెలిసిపోయింది కాబట్టి సింప్సన్స్ రచయితలు దాన్ని ఇంకొక మలుపు తిప్పారు. అంతరిక్ష నౌకలో లీసాకు ఒక పుస్తకం దొరుకుతుంది, దాని మీద ‘మనుషులను వండడం ఎలా’ అని ఉంటుంది. గ్రహాంతరవాసి దుమ్ము ఊదితే అది ‘మనుషుల కోసం వండడం ఎలా’ అవుతుంది. లీసా మళ్లీ ఊదితే ‘నలభై మంది మనుషులను వండడం ఎలా’ అని తేలుతుంది. ఇంకొకసారి ఊదితే ‘నలభై మంది మనుషుల కోసం వండడం ఎలా’ అని పూర్తి పేరు బయటపడుతుంది. అంటే వాళ్లు నిజంగానే మంచివాళ్లు. ఎంతో శ్రమపడి విందు వండిపెట్టినందుకు అనుమానపు మాటలు పడిన వంటవాడు కన్నీళ్లు పెట్టుకుంటాడు, సింప్సన్ కుటుంబం స్వర్గతుల్యమైన లోకాన్ని పోగొట్టుకుని తిరిగి ఇల్లు చేరుతుంది. మూలాన్ని ఎరిగిన ప్రేక్షకుడి తెలివినే అతని మీదకు తిప్పికొట్టిన కథ ఇది. ఆ వంటవాడి గొంతు నటుడు జేమ్స్ ఎర్ల్ జోన్స్‌ది.

ఒంటికన్ను, పచ్చని శరీరం, గాజు శిరస్త్రాణం, కారే చొంగ గల ఆ జంట కాంగ్, కోడోస్ ఇక్కడే తొలిసారి కనబడ్డారు. ఆ పేర్లు పాత స్టార్ ట్రెక్ ధారావాహికలోని పాత్రల నుంచి తీసుకున్నవి. ఆ తరువాత వారు ఈ ప్రత్యేక ఎపిసోడ్లలో క్షణంపాటైనా తొంగిచూడటం ఆనవాయితీ అయింది.

మూల సినిమా చూడకపోతే ఈ కథలు అర్థమవుతాయా?

కథ అర్థమవుతుంది, కొన్ని నవ్వులు జారిపోతాయి. ఐదో ఎపిసోడ్‌లో (1994) వచ్చిన ‘ది షిన్నింగ్’ దీనికి మంచి నమూనా. 1980 నాటి ‘ది షైనింగ్’ సినిమాకు ఇది పేరడీ. మంచుకొండల మధ్య మూతపడిన పెద్ద హోటలుకు చలికాలమంతా కాపలా ఉండటానికి కుటుంబంతో వచ్చిన మనిషికి అక్కడి ఏకాంతంలో పిచ్చెక్కడం మూలకథ. హోమర్‌కు ఏకాంతం ఒక లెక్క కాదు. యజమాని బర్న్స్ ముందు జాగ్రత్తగా కేబుల్ తీగ కోయించి, బీరంతా తీసేయించాడు. టీవీ, బీరు లేకపోవడమే హోమర్‌కు మతి పోగొడుతుంది. ఈ మాత్రం నవ్వడానికి ఏ సినిమా చూసి ఉండనక్కరలేదు.

ఇక గొడ్డలితో తలుపు పగలగొట్టే సన్నివేశానికి మాత్రం కొంత పరిచయం కావాలి. మూలంలో నాయకుడు చీలిన తలుపులోంచి ముఖం పెట్టి, ‘ఇదిగో, జానీ వచ్చాడు!’ అంటాడు. అదే ఒక అరువు మాట: అమెరికాలో అర్ధరాత్రి ముచ్చట్ల కార్యక్రమం నడిపిన జానీ కార్సన్‌ను రోజూ వేదిక మీదకు పిలిచే పలుకు అది. హోమర్ మొదటి తలుపు పగలగొట్టి ఆ మాటే అంటాడు, గది ఖాళీ. రెండో తలుపు దగ్గర కార్సన్‌కు బదులు, అలాంటి కార్యక్రమమే నడిపిన డేవిడ్ లెటర్‌మన్ పేరు చెబుతాడు. లోపల ఉన్నది తండ్రి, ఆయన నింపాదిగా పలకరిస్తాడు. మూడో తలుపు వచ్చేసరికి ‘60 మినిట్స్’ అనే వార్తా కార్యక్రమంలోని విలేకరుల పేర్లన్నీ వరసగా వల్లిస్తాడు, అప్పుడు గానీ కుటుంబం భయంతో కేక వేయదు. టీవీ లేక పిచ్చెక్కినవాడి నోట టీవీ పేర్లే రావడంలోని చమత్కారాన్ని గమనించిన తరువాత ఆ సన్నివేశం నాకు మరింత నచ్చింది. లిఫ్టు తలుపులోంచి నెత్తురు వరదలా దూకుతుంటే, అది మామూలుగా రెండో అంతస్తులో దిగిపోతుంది కదా అని బర్న్స్ విస్తుపోవడం కూడా ఇందులోనిదే.

అన్నిటికంటే ఎక్కువగా ఏ మూలాన్ని వాడుకున్నారు?

తొలి ఏళ్లలో నిస్సందేహంగా ట్విలైట్ జోన్‌ను. తలచినది తలచినట్టు జరిపించగల పిల్లవాడికి ఊరంతా వణకడం (1991), మాట్లాడే బొమ్మ ఇంటి యజమానిని చంపజూడటం (1992), విమానం రెక్క మీద కనిపించిన వికృత జీవి బడి బస్సు పక్కకు మారడం (1993), గోడలోంచి మూడో పరిమాణంలోకి జారిపోవడం (1995) అన్నీ ఆ గనిలో తవ్వినవే. సాహిత్యం నుంచి తీసుకున్నవీ తక్కువేమీ కాదు: డబ్ల్యు. డబ్ల్యు. జేకబ్స్ 1902లో ప్రచురించిన కోతి పంజా కథ, రే బ్రాడ్‌బరీ 1952లో రాసిన కాలయాన కథ, స్టీఫెన్ విన్సెంట్ బెనే రాసిన సైతానుతో వ్యాజ్యం కథ. ఈ చివరిదాన్ని 1993లో మార్చినప్పుడు హోమర్ తన ఆత్మను ఒక్క డోనట్‌కు అమ్ముకుంటాడు, సైతాను ముసుగు తీస్తే కనబడేది పొరుగున ఉండే పరమ భక్తుడు ఫ్లాండర్స్. పాపాత్ముల జ్యూరీలో అమెరికా మాజీ అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్‌ను కూర్చోబెట్టారు. ఆయన అప్పటికి బతికే ఉన్నారు, ఆ సంగతి ఆ పాత్రే గుర్తుచేస్తుంది.

ఎడ్గార్ ఆలన్ పో కవితను నిజంగా యథాతథంగా వాడారా?

కొన్ని పద్యపాదాలు తగ్గించినా, దాదాపు అలాగే వాడారు. అమెరికా కవి పో 1845లో ప్రచురించిన బొంతకాకి కవితను మొదటి ఎపిసోడ్‌లో మూడో కథగా తీసుకుని, జేమ్స్ ఎర్ల్ జోన్స్ గంభీరమైన కంఠంతో చదివించారు. కవితలోని విరహి పాత్రలో హోమర్, కాకి రూపంలో బార్ట్ కనిపిస్తారు. చనిపోయిన ప్రియురాలి చిత్రపటంలో మార్జ్ ఉంటుంది. ఆమె నీలి జుట్టు అంత ఎత్తు కాబట్టి ఒక పటంలో పట్టక, పైన ఇంకొక పటం తగిలించారు. కవిత్వం ఎక్కడా ఆగదు, బొమ్మే దాని పక్కన నిలబడి కన్ను గీటుతుంది. ఇది భయపెట్టనే లేదని బార్ట్ పెదవి విరవడం, 1845లో మనుషులు సులువుగా భయపడేవారేమోనని లీసా సర్దిచెప్పడం కూడా కథలోనే ఉన్నాయి. హాస్య ధారావాహిక రెండో ఏడాదిలోనే ఇంత సాహసం చేయడం మామూలు విషయం కాదు.

‘హోమర్ క్యూబ్డ్’లో గణితం ఉందంటారు, నిజమేనా?

నిజమే. 1995లో వచ్చిన ఈ కథలో, మార్జ్ అక్కలను తప్పించుకోవడానికి పుస్తకాల అల్మారా వెనక దూరిన హోమర్ త్రిమితీయ లోకంలో పడతాడు. చేత్తో గీసిన చదునైన బొమ్మకు తన పొట్ట గుండ్రంగా ఉన్నదని అప్పుడే తెలిసివస్తుంది. ఆ భాగాన్ని పసిఫిక్ డేటా ఇమేజెస్ అనే సంస్థ కంప్యూటర్ యానిమేషన్‌తో తయారుచేసింది. ఆ లోకంలో గాలిలో తేలే అంకెల మధ్య ఒక సమీకరణం కనిపిస్తుంది: 1782, 1841ల 12వ ఘాతాలను కలిపితే 1922కు 12వ ఘాతం వస్తుందని. సాధారణ కాలిక్యులేటర్ మీద వేసి చూస్తే సరిపోయినట్టే ఉంటుంది. అది నిజమైతే, రెండుకు మించిన ఏ ఘాతానికీ పూర్ణ సంఖ్యల్లో ఇలాంటి సమీకరణం కుదరదనే ఫెర్మా చివరి సిద్ధాంతం కూలిపోవాలి; ఆండ్రూ వైల్స్ దానికి నిరూపణ ప్రచురించినది కూడా ఆ ఏడాదే. మోసం పట్టుకోవడానికి పెద్ద గణితం అక్కరలేదు. సరి సంఖ్య ఘాతానికి బేసి సంఖ్య ఘాతం కలిపితే బేసి సంఖ్యే వస్తుంది, కుడివైపున ఉన్నదేమో సరి సంఖ్య. ఈ కొంటెపని చేసిన రచయిత డేవిడ్ ఎక్స్. కోహెన్.

పేరడీలన్నీ సినిమాల మీదేనా? రాజకీయాలు లేవా?

ఉన్నాయి. 1996 అక్టోబరు 27న, అధ్యక్ష ఎన్నికలకు కొద్ది రోజుల ముందు ప్రసారమైన కథలో కాంగ్, కోడోస్ ఇద్దరూ బిల్ క్లింటన్, బాబ్ డోల్ రూపాలు ధరించి పోటీ చేస్తారు. గుట్టు రట్టయిన తరువాత కూడా, రెండే పార్టీలున్న వ్యవస్థలో ఎవరో ఒకరికి ఓటు వేయక తప్పదని గ్రహాంతరవాసులే జనానికి గుర్తుచేస్తారు. జనం వేస్తారు. కాంగ్ గెలిచాక కొరడా దెబ్బలు తింటూ వెట్టిచాకిరీ చేస్తున్న హోమర్, తాను కోడోస్‌కు ఓటు వేశాను కనుక తప్పు తనది కాదంటాడు. ఎన్నికల మర్నాడు మన టీ కొట్ల దగ్గర వినబడే మాటకూ దీనికీ తేడా నాకు కనిపించదు.

ఇన్ని కథలు వాడుకుంటే కాపీరైటు చిక్కులు రావా?

అమెరికా చట్టంలో పేరడీకి న్యాయసమ్మత వినియోగం కింద గణనీయమైన రక్షణ ఉంది; 1994లో అక్కడి సుప్రీంకోర్టు ఒక ర్యాప్ పాట కేసులో, వ్యాపారం కోసం చేసిన పేరడీకి సైతం ఆ రక్షణ వర్తించవచ్చని తేల్చింది. అదే ఏడాది వచ్చిన ‘షిన్నింగ్’ కథలో బార్ట్ సినిమా అసలు పేరు పలకబోతే, తోటమాలి విల్లీ కంగారుగా నోరు మూయించి, మన మీద కేసు వేయిస్తావా అని గదమాయిస్తాడు. పేరులో అక్షరం మార్చిన గుట్టును పాత్ర చేతనే విప్పించడం అది. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షను విమర్శకు, సమీక్షకు మినహాయింపు ఇచ్చింది గానీ పేరడీని పేరు పెట్టి ప్రస్తావించలేదు.

ఇందులో చనిపోయినవారు తరువాతి వారం ఎలా బతికి వస్తారు?

ఈ కథలు ధారావాహిక అసలు కథాక్రమంలోకి రావు. ఐదో ఎపిసోడ్‌లో పాపం విల్లీ మూడు కథల్లోనూ వీపున గొడ్డలి దిగి చనిపోతాడు. ఆ మరుసటి వారం బడి తోటలో మామూలుగానే పని చేసుకుంటాడు.

కొత్త ఎపిసోడ్లు పాతవాటంత బాగుండవన్న ఫిర్యాదులో నిజముందా?

కొంత ఉంది. తొలి పదేళ్లలో రచయితలు తమ బాల్యంలో తమను నిజంగా భయపెట్టిన కథలను ఎన్నుకున్నారు. ఆ భయం వారికి లోపలి నుంచి తెలుసు. తరువాతి కాలంలో ఆ ఏటి హిట్ సినిమాకు పేరడీ కట్టడం పెరిగింది. యానిమేషన్ తయారీకి చాలా నెలలు పడుతుంది కాబట్టి, ప్రసారమయ్యేనాటికి ఆ హిట్ వేడి చల్లారిపోతుంది. మూలంలోని సన్నివేశాలను గుర్తుపట్టడం తప్ప ప్రేక్షకుడికి పని మిగలదు. హ్యారీ పాటర్, ట్విలైట్ సినిమాల మీద వచ్చినవి నాకు అలాగే అనిపించాయి.

అయితే పూర్తిగా కొట్టిపారేయడం అన్యాయం. 2013లో దర్శకుడు గియెర్మో డెల్ తోరో రూపొందించిన ప్రారంభ సన్నివేశంలో భయానక సినిమాల చరిత్రంతా కిక్కిరిసి ఉంటుంది; ఆపి ఆపి చూడవలసిందే. 2022లో జపాన్ యానిమే ‘డెత్ నోట్’కు చేసిన పేరడీలో లీసాకు పేరు రాస్తే మనిషి చనిపోయే పుస్తకం దొరుకుతుంది. దాని బొమ్మలను మూల యానిమేకు పనిచేసిన కొరియా స్టూడియో డీఆర్ మూవీ చేతనే గీయించారు, పసుపు ముఖాల సింప్సన్లు అచ్చంగా యానిమే పాత్రలైపోయారు. అదే ఏడాది స్టీఫెన్ కింగ్ నవల ‘ఇట్’కు మూడో వంతు కాదు, ఒక ఎపిసోడ్ మొత్తం కేటాయించారు. ఏడు నిమిషాల తొందర లేనప్పుడు ఈ రచయితలు ఇప్పటికీ బాగానే రాయగలరు.

హాలోవీన్ ఎపిసోడ్ కొన్నిసార్లు నవంబరులో ఎందుకు వచ్చింది?

ఫాక్స్ చానల్ అక్టోబరు చివర బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ప్రసారం చేస్తుంది కనుక. 2001లో నవంబరు 6 దాకా ఆగవలసి వచ్చింది.

పిల్లలకు చూపించవచ్చా?

చిన్నపిల్లలకు వద్దు. మొదటి ఎపిసోడ్ ఆరంభంలోనే మార్జ్ తెర ముందుకు వచ్చి పిల్లలను నిద్రపుచ్చమని తల్లిదండ్రులను హెచ్చరిస్తుంది; 1931 నాటి ఫ్రాంకెన్‌స్టైన్ సినిమా మొదట్లో ఒక నటుడు చేసిన హెచ్చరికకు అది పేరడీ. పేరడీ అయినా మాట నిజమే. ముఖ్యంగా ఐదోది రక్తసిక్తం: పిల్లలను వండి తినే ఉపాధ్యాయుల కథ ఒకటి, లోపలి అవయవాలు బయటికి తిరగబడిన కుటుంబం పాడే పాట ఒకటి అందులో ఉన్నాయి.

టైటిళ్లలో పేర్లు వింతగా ఉంటాయెందుకు?

రెండో ఎపిసోడ్ నుంచి రచయితలు, నిర్మాతలు తమ పేర్లను దెయ్యాల పేర్లలా మార్చుకోవడం మొదలుపెట్టారు. సృష్టికర్త మాట్ గ్రోనింగ్ అలా ‘బ్యాట్’ గ్రోనింగ్ అయ్యారు. ఇదీ ఈసీ కామిక్స్ అలవాటే. లెక్కలోనూ ఇలాంటి సరదా ఒకటుంది: 2019లో వచ్చిన 30వ హాలోవీన్ ఎపిసోడ్, మొత్తం ధారావాహికలో 666వది.

ఒక్క ఎపిసోడ్ మాత్రమే చూడగలిగితే ఏది చూడాలి?

ఐదోది. షిన్నింగ్ కోసం కాదు, దాని తరువాత వచ్చే కాలయానం కథ కోసం. టోస్టర్ బాగుచేయబోయి దాన్ని కాలయంత్రంగా మార్చేసిన హోమర్, డైనోసార్ల కాలంలో ఒక దోమను చంపి వర్తమానాన్ని తారుమారు చేస్తాడు. బ్రాడ్‌బరీ కథలో సీతాకోకచిలుక చేసిన పనే ఇక్కడ దోమ చేస్తుంది. వెళ్లివచ్చిన ప్రతిసారీ లోకం ఒక్కో విధంగా ఉంటుంది. ఒకసారి అన్నీ అమరిన లోకంలోనే దిగుతాడు: ఐశ్వర్యం ఉంది, పిల్లలు వినయంగా ఉన్నారు, కంటగింపుగా ఉండే వదినలు లేరు. సంబరంగా ఒక డోనట్ అడుగుతాడు. డోనట్ అంటే ఏమిటని మార్జ్ అడుగుతుంది. హోమర్ కెవ్వున కేకపెట్టి టోస్టర్ పట్టుకుని మాయమైపోతాడు. మార్జ్ కిటికీలోంచి చూసి మళ్లీ వాన మొదలైందంటుంది. బయట ఆకాశం నుంచి టపటపా రాలుతున్నవి డోనట్లే.